పదహారు క్లాకులు, పదిహేను తప్పులు: ఎఫ్‌ఈసీ డీకోడర్‌తో నా అనుభవం

ఎర్రర్ కరెక్షన్ కోడ్ (వైరు మీద వచ్చే తప్పుల్ని అటువైపు సరిదిద్దే పద్ధతి) డిజైన్ చేస్తున్నానంటే, నేనేదో కొత్త గణితం కనిపెడుతున్నానని అనుకుంటారు చాలామంది. కంప్యూటర్లని వైర్లతో కలిపే ఈథర్నెట్‌లో ఏ కోడ్ వాడాలో నాకన్నా చాలా ముందే తేలిపోయింది. ఐఈఈఈ 802.3 ప్రమాణం తెరిస్తే అందులోనే ఉంటుంది. 514 సింబల్స్ డేటా, వాటికి తోడు 30 సింబల్స్ ప్యారిటీ (తప్పులు పట్టడానికి చేర్చే అదనపు సింబల్స్), మొత్తం 544, దీన్నే ఒక కోడ్‌వర్డ్ అంటారు. ఒక్కో సింబల్‌లో 10 బిట్లు. ఇది రీడ్-సోలమన్ కోడ్. 544లో ఏ 15 సింబల్స్ చెడినా తిరిగి బాగుచేయొచ్చు. ప్రమాణం చెప్పేది అంతవరకే. సెకనుకి వంద గిగాబిట్లు ఆగకుండా వచ్చిపడుతుంటే ఆ బాగుచేయడం ఎలాగో మన తిప్పలు మనం పడాలి.

మాది రుషికొండ ఐటీ హిల్స్ మీద చిన్న చిప్ డిజైన్ ఆఫీసు. వచ్చిన పని ఏంటంటే, ఒకే ర్యాక్‌లో ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నీ గుచ్చే వెనక బోర్డు) మీదుగా 100 గిగాబిట్ లింకు. రెండు లేన్లు (పక్కపక్కనే నడిచే దారులు), ఒక్కోటి 53.125 గిగాబిట్లు, 2018లో వచ్చిన 802.3సీడీ సవరణ ప్రకారం. ఎఫ్‌ఈసీ (ఫార్వర్డ్ ఎర్రర్ కరెక్షన్, అంటే ఈ తప్పులు సరిదిద్దే పని) బ్లాకులు బయట కొనుక్కోవచ్చు. కానీ మా క్లయింటుకి లోపల ఎన్ని తప్పులు సరిదిద్దుతున్నామో ఆ లెక్కంతా విడివిడిగా కావాలి. మనమే రాసేద్దాం అన్నారు మా లీడ్. ఆయనది శ్రీకాకుళం. "ఏటమ్మా, డిజిటల్ కమ్యూనికేషన్స్‌లో మంచి మార్కులొచ్చాయన్నావు కదా, నువ్వే చూసుకో" అని డాక్యుమెంట్లు నాకు పంపేశారు. మార్కులు రావడం నిజమే. బీటెక్‌లో రీడ్-సోలమన్ అయిదు మార్కుల ప్రశ్న, అయిదు మార్కులకి ఎంత కావాలో అంతే చదివాను.

అసలు ఇన్ని తప్పులు ఎందుకొస్తాయి? పాత లింకుల్లో వోల్టేజీకి రెండే మెట్లు, ఉంటే 1, లేకపోతే 0. మా లేన్ల మీద పామ్-4. నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకి రెండు బిట్లు. వేగం రెట్టింపు అవుతుంది కానీ మెట్టుకీ మెట్టుకీ మధ్య దూరం మూడో వంతుకి పడిపోతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే దాదాపు 9.5 నష్టం. 10 గిగాబిట్ రోజుల్లో లక్ష కోట్ల బిట్లకి ఒక తప్పు వస్తేనే గొడవ. ఈ కోడ్ చుట్టూ లెక్కలు వేసేవాళ్ళు ఇప్పుడు పదివేల బిట్లకి 2.4 తప్పుల దాకా పర్లేదంటున్నారు. ఎఫ్‌ఈసీ తీసేస్తే ఆ వైరు మీద ఒక్క వీడియో కూడా ఆడదు. లింకు మొత్తం దాని మీదే నిలబడింది.

అంత చెత్త వైరు మీద పని ఎలా జరుగుతుందో కాగితం మీద వేసి చూసుకున్నాను. పదివేలకి 2.4 అంటే, 544 సింబల్స్‌లో సగటున 1.3 చెడతాయి. 15 దాటి 16వది కూడా చెడే అవకాశం, తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తే, లక్ష కోట్ల కోడ్‌వర్డ్‌లకి సుమారు ఒకటి. ఒక్కో కోడ్‌వర్డ్‌కి పట్టేది 51.2 నానోసెకన్లు. అంటే వైరు అంత అధ్వాన్నంగా ఉన్నా 14, 15 గంటలకి ఒక్కటి చేజారుతుంది. "సంబంధం లేకుండా వస్తే" అనే మాట మీదే మా తలనొప్పంతా తర్వాత మొదలైంది.

గణితం దగ్గరే కొన్నాళ్ళు ఆగిపోయాను. వీడియోలు చూశాను, పుస్తకాలు తిరగేశాను. ఫార్ములా అర్థమైనట్టే ఉంటుంది, కోడ్ రాయబోతే చేతికి రాదు. చినవాల్తేరులో మా నాన్నకి లెక్కలు చెప్పిన మాస్టారు ఉన్నారు, రిటైరై చాలా కాలమైంది. ఆయన దగ్గరికి వెళ్ళాను. మేం డీకోడర్ కడుతున్న ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్) అంటే ఏంటో ఆయనకి తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. సింబల్‌కి 10 బిట్లు కాబట్టి 1024 విలువలతో లెక్కలు చేయాలని చెప్పాను. "1024 అంకెల లోకమా? అంత పెద్దది ఎందుకమ్మా ముందే? ఎనిమిదింటితో మొదలెట్టు" అన్నారు.

ఎనిమిదే సంఖ్యలు. కూడిక అంటే ఎక్స్ఓఆర్ (రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1), కాబట్టి కూడినా తీసేసినా ఒకటే. ఆ ఎనిమిదిలో ఒకదానికి ఆల్ఫా అని పేరు పెడితే, ఆల్ఫా ఘనం అంటే ఆల్ఫా ప్లస్ ఒకటి, గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే. మిగతా గుణకారాలన్నీ అందులోంచే వస్తాయి. ఏడు సింబల్స్ కోడ్ రాయించారు. మూడు డేటా, నాలుగు ప్యారిటీ. నన్ను అటు తిరగమని చెప్పి కాగితం మీద రెండు సింబల్స్ మార్చేసి, "పట్టుకో" అన్నారు. నాలుగు సిండ్రోమ్‌లు (వచ్చిన సింబల్స్ నుంచి కట్టే పరీక్ష విలువలు) కట్టాను. తప్పులు లేకపోతే అన్నీ సున్నా రావాలి, రాలేదు. వాటి నుంచి రెండో డిగ్రీ సమీకరణం వచ్చింది. దాని మూలాలే తప్పులున్న చోట్లు. మూలాలు కనుక్కోడానికి ప్రత్యేక సూత్రం ఏదీ వాడనివ్వలేదు. "ఉన్నవే ఏడు చోట్లు, ఒక్కోటీ పెట్టి చూడు" అన్నారు. దాన్నే మా పుస్తకాల్లో చియెన్ సెర్చ్ అంటారు, 1964 నాటిది. రెండు చోట్లూ దొరికాయి, విలువలూ దొరికాయి. ఆ సాయంత్రం చేసిన లెక్క తర్వాత మా టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌ని పరీక్షించే ప్రోగ్రామ్‌లో) మొదటి కేసుగా పెట్టాను, ఇప్పటికీ ఉంది.

మాస్టారికి కబుర్లంటే ఇష్టం. రీడ్, సోలమన్ ఇద్దరూ 1960లో ఈ కోడ్ ప్రచురించారని చెబితే, "అదే ఏడాది బోస్, రాయ్-చౌధురి కూడా రాశారు కదా" అన్నారు. బీసీహెచ్ అనే కోడ్‌ల కుటుంబం పేరులో బీ, సీ వాళ్ళిద్దరివే. హెచ్ ఫ్రాన్సుకి చెందిన హాక్వెంగెమ్‌ది, ఆయనది 1959. రీడ్-సోలమన్ కోడ్‌లు ఆ కుటుంబంలోవే అని తర్వాత తేలింది. ఆర్.సీ. బోస్ కలకత్తా ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) పనిచేసిన మనిషి. అక్కడి నుంచి మాస్టారి మాట సంఖ్యాశాస్త్రవేత్త సీ.ఆర్. రావు గారి మీదికి మళ్ళింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని కలకత్తా వెళ్ళిన రావు గారు 1947లో ఆర్థోగనల్ అర్రేలకి (ప్రయోగాలు ఎలా అమర్చాలో చెప్పే పట్టికలకి) ఒక హద్దు చెప్పారు. ప్రయోగాలు ఎన్ని చేస్తే సరిపోతుందన్నది ఆ లెక్క. 1950లో రిచర్డ్ హామింగ్ ఎర్రర్ కరెక్షన్ కోడ్‌లకి చెప్పిన హద్దులో ఉన్నదీ అదే కూడిక. పొలాల్లో ఎరువులు పరీక్షించడానికి పనికొచ్చే లెక్కా, మన వైర్ల లెక్కా ఒకటేనన్నమాట. ఈ ముక్క మా బీటెక్ క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఏయూ గేటు ముందు నుంచి నాలుగేళ్ళు బస్సులో వెళ్ళాను కూడా.

ప్రమాణం చదువుతుంటే నాకు బాగా నచ్చినది ఒకటుంది. మాకు పెట్టిన కోడ్‌లో కాదు, దాని కన్నా ముందు వచ్చిన 528, 514 కోడ్‌లో (మొత్తం 528 సింబల్స్, అందులో డేటా 514). ఈథర్నెట్‌లో ప్రతి 64 బిట్ల డేటాకీ 2 బిట్ల తలకట్టు పెట్టి 66 చేస్తారు. అలాంటి 80 బ్లాకులు కలిపితే 5280 బిట్లు. వాళ్ళేం చేశారంటే, నాలుగేసి బ్లాకులు తీసుకుని 264 బిట్లని 257కి కుదించారు. 80 బ్లాకులూ కలిపి 5140 అయ్యాయి, అంటే సరిగ్గా 514 సింబల్స్. మిగిలిన 140 బిట్లలో 14 ప్యారిటీ సింబల్స్ కూర్చోబెట్టారు. మొత్తం మళ్ళీ 5280. వైరు మీద వేగం ఒక్క బిట్ కూడా పెరగలేదు, ఏడు సింబల్స్ బాగుచేసే శక్తి మాత్రం వచ్చింది. పామ్-4కి ఏడు చాలవు కాబట్టి మా కోడ్‌లో 30 ప్యారిటీ పెట్టాల్సి వచ్చింది, వేగం 3 శాతం పెంచాల్సీ వచ్చింది. 103.125 కాస్తా 106.25 అయింది. డబ్బు ఖర్చు పెట్టకుండా ఇల్లు సర్దుకున్న తెలివి మాత్రం ఆ పాత కోడ్‌దే.

ఇక హార్డ్‌వేర్. 312.5 మెగాహెర్ట్జ్ క్లాక్ పెట్టుకున్నాం, అంటే చిప్ 3.2 నానోసెకన్లకి ఒక అడుగు వేస్తుంది, ఆ అడుగునే ఒక క్లాకు అంటాం. ఒక్కో క్లాకుకి 340 బిట్లు, అంటే 34 సింబల్స్ వస్తాయి. 544ని 34తో భాగిస్తే 16. ప్రతి పదహారు క్లాకులకీ ఒక కొత్త కోడ్‌వర్డ్ తలుపు తడుతుంది. ఏ దశ అయినా పదహారు క్లాకుల్లో ఖాళీ అవ్వకపోతే వెనక వచ్చేది దాని మీద పడుతుంది.

సిండ్రోమ్‌ల దశ బరువే కానీ కష్టం కాదు. 30 సిండ్రోమ్‌లు, క్లాకుకి 34 సింబల్స్, మొత్తం 1020 గుణకారాలు. అన్నీ స్థిర సంఖ్యలతోనే కాబట్టి ఒక్కోటీ కొన్ని ఎక్స్ఓఆర్‌లకి దిగిపోతుంది. ప్రమాణంలో ఈ 1024 సంఖ్యల ఫీల్డ్‌కి ఎంచుకున్న సూత్రం, ఆల్ఫా పదో ఘాతం అంటే ఆల్ఫా ఘనం ప్లస్ ఒకటి. మూడే పదాలు ఉండటం వల్ల గుణించాక కుదించడం కూడా చౌక.

కష్టమంతా మధ్యలో ఉంది. సిండ్రోమ్‌ల నుంచి తప్పుల సమీకరణం తీసే బెర్లెకాంప్-మాసీ పద్ధతి మెట్టు మెట్టుగా నడుస్తుంది. 30 ప్యారిటీకి 30 మెట్లు, ఒక మెట్టు ఫలితం లేకుండా తర్వాతి మెట్టు మొదలవ్వదు. మనకున్నవి పదహారు క్లాకులు. పైగా పుస్తకంలో ఉన్న పద్ధతిలో ప్రతి మెట్టులోనూ భాగహారం ఉంటుంది, 3.2 నానోసెకన్లలో అది ఎఫ్‌పీజీఏలో సర్దడం కుదరని పని. 2001లో సర్వటే, షణ్‌భాగ్ రాసిన పేపర్ ఇక్కడ గట్టెక్కించింది. భాగహారం తీసేసి, ప్రతి మెట్టునీ ఒక గుణకారం, ఒక కూడిక అంత పొడవుకి కుదించారు. ఒకేలాంటి గడులు వరసగా పేర్చుకోవాలి, మాకు 46 గడులు. ఒక క్లాకుకి ఒక మెట్టు సాధ్యమైంది. 30 మెట్లకి 30 క్లాకులు పడతాయి కాబట్టి అలాంటి ఇంజన్లు రెండు పెట్టి, వచ్చిన కోడ్‌వర్డ్‌లని ఒకటి దీనికి, ఒకటి దానికి ఇచ్చాం. ఒక్కోదానికి 32 క్లాకుల టైము దొరికింది. రెండు క్లాకులు మిగులు! ఆ రెండూ చూసి లీడ్ "బేగా ఫ్రీజ్ చేసెయ్ అమ్మా, ఎవడైనా ఇంకోటి అడిగేలోపు" అన్నారు.

చివర్లో తప్పు విలువ తీసే ఫోర్నీ సూత్రం దగ్గర ఈ పని చేయబోయేవాళ్ళకి ఒక హెచ్చరిక. చాలా పుస్తకాలు జనరేటర్ (ప్యారిటీని తయారుచేసే బహుపది) మూలాలని ఆల్ఫా నుంచి మొదలుపెడతాయి. ఈథర్నెట్‌లో ఆల్ఫా సున్నా ఘాతం నుంచి, అంటే ఒకటి నుంచి మొదలవుతాయి. ఆ తేడాకి సూత్రంలో ఒక గుణకం అదనంగా వస్తుంది. అది లేకపోతే చోట్లన్నీ సరిగ్గా దొరుకుతాయి, విలువలు మాత్రం తేడాగా వస్తాయి. చోటు సరిగ్గా ఉంది కదా అని ఆ వైపు చూడకుండా మిగతా డిజైనంతా వెతుకుతారు.

ఇంకో చిన్న సౌకర్యం, ఈ కోడ్ నిజానికి 1023 సింబల్స్‌ది. ముందున్న 479 సున్నాలనుకుని కత్తిరించారు. 15కి మించి తప్పులొస్తే డీకోడర్ చూపించే చోట్లు తరచూ ఆ లేని 479లో పడతాయి, లేదా చాలినన్ని మూలాలు దొరకవు. అప్పుడు బాగుచేయడానికి పోకుండా ఆ డేటా మొత్తానికి చెడిందని ముద్ర వేసి పైకి పంపాలి. పై పొర ఆ ప్యాకెట్లని పారేస్తుంది. తప్పుడు డేటా మంచిదానిలా పైకి వెళ్ళడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

సిమ్యులేషన్‌లో అన్నీ పాసయ్యాయి. బోర్డు మీద పెట్టాం. పొట్టి ట్రేస్ (బోర్డు మీది రాగి దారి) మీద దివ్యంగా ఉంది. ర్యాక్‌లో చివరి స్లాటు నుంచి చివరి స్లాటుకి పెడితే, బిట్ తప్పుల రేటు హద్దు కన్నా బాగా కిందే ఉన్నా, అప్పుడప్పుడూ ఒక కోడ్‌వర్డ్ పోతోంది. లెక్క ప్రకారం ఏళ్ళ తరబడి పోకూడదు.

క్లయింటు అడిగిన ఆ లెక్కలే మమ్మల్ని కాపాడాయి. ఒక తప్పు సరిదిద్దిన కోడ్‌వర్డ్‌లు ఎన్ని, రెండు సరిదిద్దినవి ఎన్ని, అలా పదిహేను దాకా గడులు. తప్పులు విడివిడిగా వస్తుంటే ఆ గ్రాఫ్ నిటారుగా దిగిపోవాలి. మాది ఐదారు దాకా దిగి, అక్కడి నుంచి తోకలా సాగింది. అంటే తప్పులు గుంపుగా వస్తున్నాయి. రిసీవర్‌లో డీఎఫ్‌ఈ అని ఉంటుంది, ఇంతకుముందు వచ్చిన పామ్-4 మెట్టు ఏంటో చూసి దాని నీడని ఇప్పటి మెట్టు నుంచి తీసేస్తుంది. ముందుది తప్పుగా చదివితే తీసేసే నీడ కూడా తప్పే, దాంతో ఇదీ తప్పవుతుంది. పొడవైన ట్రేస్ మీద నీడ పెద్దది. ఆ నీడ అసలు సిగ్నల్ అంత పెద్దదైతే, పామ్-4లో ఒక తప్పు తర్వాత ఇంకో తప్పు వచ్చే అవకాశం నాలుగింట మూడు. దానికి తోడు, ఈ రకం లింకులో ఒక్కో లేన్‌లోకి రెండు ఎఫ్‌ఈసీ లేన్ల (కోడ్‌వర్డ్ సింబల్స్‌ని పంచిన వరసల) బిట్లు ఒకటి విడిచి ఒకటి కలుపుతారు. చిన్న గుంపు కూడా ఒకేసారి రెండు 10 బిట్ల సింబల్స్‌ని పాడుచేస్తుంది.

400 గిగాబిట్ ప్రమాణంలో దీనికి ఒక మందు ముందే పెట్టారు. రెండు కోడ్‌వర్డ్‌లని పేక పంచినట్టు ఒకటి దీనిది, ఒకటి దానిది పంపుతారు, గుంపు వచ్చి పడితే దెబ్బ ఇద్దరికీ పంచబడుతుంది. మా 100 గిగాబిట్ రెండు లేన్ల లింకులో అది లేదు. ఉన్నది ప్రీకోడింగ్. పంపేటప్పుడు ప్రతి పామ్-4 సింబల్ నుంచీ ముందు పంపినదాన్ని తీసేసి, 4తో భాగిస్తే వచ్చే శేషాన్ని పంపుతారు, అటువైపు పక్కపక్క రెండింటినీ కలుపుకుంటారు. ఎంత పొడవు గుంపైనా మొదట ఒక తప్పు, చివర ఒక తప్పు మిగులుతాయి. ఆన్ చేశాం. తోక తెగిపోయింది. అలాగని అన్ని స్లాట్లకీ పెట్టేద్దాం అంటే కుదరదు, పొట్టి ట్రేస్ మీద విడిగా వచ్చే ఒక్కో తప్పునీ అది రెండు చేస్తుంది. అందుకే ప్రమాణం దీన్ని రిసీవర్ ఇష్టానికి వదిలేసింది, లింకు మొదలయ్యేటప్పుడే కావాలో వద్దో అడుగుతుంది.

సిమ్యులేషన్‌లో ఇది ఎందుకు కనపడలేదు? అందరూ చేసేదే మేమూ చేశాం, యాదృచ్ఛికంగా బిట్లు తిప్పాం. తర్వాత గిల్బర్ట్ 1960లో చెప్పిన రెండు స్థితుల మోడల్ పెట్టాం. ఛానెల్ ఒకసారి మంచిగా, ఒకసారి చెడ్డగా ఉంటుంది, చెడ్డగా ఉన్నప్పుడు తప్పులు వరసగా పడతాయి. బోర్డు మీద చూసిన తోక అప్పుడు కంప్యూటర్‌లోనూ కనిపించింది. నన్నడిగితే, కోడ్ ఎంత బలమైనదో మాట్లాడే ముందు ఆ వైరు మీద తప్పులు ఎలా పడుతున్నాయో నాలుగు రోజులు చూడాలి. మా రంగంలో చాలామంది ఇది చివర్లో చేస్తారు.

మే నెలలో ఒక రాత్రి ల్యాబ్‌లో ఏసీ ఆగిపోయింది. తెల్లారి వచ్చి చూస్తే లింకు పడలేదు, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. గడులు చూస్తే నాలుగో గడి, ఐదో గడి బాగా నిండి ఉన్నాయి. లోపల వైరు మూలుగుతున్నా ఎఫ్‌ఈసీ పైకి తెలియనివ్వలేదన్నమాట. బాగున్న లింకునీ పోబోతున్న లింకునీ పైనుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి.

డీకోడర్ మొత్తం ఆలస్యం 60 క్లాకుల లోపు తేలింది, 190 నానోసెకన్లు. ఫైబర్‌లో కాంతి ఆ టైములో 40 మీటర్ల దాకా వెళ్తుంది. ఇంకా తగ్గించమని క్లయింటు అడిగారు. కోడ్‌వర్డ్ మొత్తం రాకుండా సిండ్రోమ్ పూర్తవ్వదు, ఆ 51.2 నానోసెకన్లని ఎవరూ తగ్గించలేరని చెప్పాం. కాస్త బేరం జరిగాక ఒప్పుకున్నారు.

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక మా చుట్టాలు కూడా నా పని గురించి అడగడం మొదలెట్టారు. "మీ కోడ్ అందులోనే పెడతారేంటే?" అంటాడు మా బావ. మాది కాదు బావా, ఎవరు పెట్టినా ఇలాంటి కోడ్ లేకుండా అక్కడ ఏ రెండు మెషిన్లూ మాట్లాడుకోలేవు అంటే, "అయితే మీదే అనుకో" అంటాడు.

ఇప్పుడు మిగిలిన గొడవ హెచ్చరిక ఎప్పుడు మోగాలన్నది. గడులు పదిహేను ఉన్నాయి కదా, పన్నెండో గడిలో మొదటి లెక్క పడ్డప్పుడు చెబితే చాలంటారు క్లయింటు. ఊరికే అలారాలు మోగితే ఆపరేటర్లు చూడటం మానేస్తారని వాళ్ళ భయం. మా లీడ్ ఎనిమిది అంటారు. వచ్చే వారం పాత రికార్డులన్నీ ముందు పెట్టుకుని తేల్చాలి. నా ఓటు తొమ్మిదికి, ఎందుకంటే ఏసీ ఆగిన ఆ రాత్రి ఒక్క కోడ్‌వర్డ్‌లో మేం చూసిన అన్నిటికన్నా ఎక్కువ తప్పులు అన్నే.